వంటగట్టు ఎత్తు

కొత్త ఇంటి ముందుగది నుంచి
వానలు ఆగిన వారం

అక్కకు,

నా చేతిరాత చూసి నవ్వకు. అక్షరదోషాలు ఉంటాయి, సర్దుకుని చదువుకో. ఊరి బడిలో ఐదో తరగతితో సరిపెట్టానని నీకు తెలుసు. ఆ తర్వాత ఈ వేళ్ళు పట్టుకున్నది తాపీయే గానీ కలం కాదు. ఫోను చేద్దామంటే మీ హాస్టలు ఆఫీసులో ఎవరో ఎత్తి "ఎవరండీ" అంటారు. నాకు నోరు పెగలదు, పెట్టేస్తాను. రెండుసార్లు అలా అయింది.

ఇంటి సంగతి రాద్దామని. గోడలు, పైకప్పు పోయినేడే అయ్యాయి. ఇప్పుడు లోపలి పని పట్టాను. కూలీ మనిషిని పెట్టుకోలేదు. పొద్దున కాస్త, సాయంత్రం కాస్త, నడుము ఒప్పుకున్నంత. ముందుగదికి లోపలి పూత అయింది. గోడకి చెక్క బద్ద ఆనించి చూస్తే మధ్యలో ఎక్కడా వెలుతురు దూరడం లేదు. చేతి వణుకు ఇంకా గోడ దాకా రాలేదన్నమాట.

రెండు గదులు, ఒక వంటగది. ఒక గది నాది. రెండోది నీది అనుకుని కట్టాను. నీ మరదలు పోయి నాలుగేళ్ళయింది. నాకు వండుకోవడం రాదని కాదు. ఊరికే, నువ్వు వచ్చి ఉంటే బాగుంటుందని.

ఇప్పుడు వంటగట్టు కట్టాలి. నేల నుంచి నీ మోచేతి దాకా ఎంతుందో ఒక దారంతో కొలిచి, ఆ దారమే కవరులో పెట్టి పంపు. అంకెలు రాయొద్దు. అంకెల్లో తప్పు పోతుంది, దారంలో పోదు.

నీ తమ్ముడు

*

హాస్టలు వెనక గది నుంచి
శనివారం

ఒరేయ్ మూగోడా,

ఉత్తరం చేరింది. పేజీ నిండా రాశావే! మీ పంతులుగారు బతికుంటే పిలిచి చూపించేదాన్ని. అక్షరాలు ఇటుకల్లా పేర్చావు, ఒక్కోటీ విడివిడిగా ఉంది. మధ్యలో సిమెంటు వేయడం మర్చిపోయినట్టున్నావు.

నాకు ఇల్లా? ముప్పై ఏళ్ళు ఈ గదిలో ఒక మంచం, ఒక మేకు, మేకుకి ఒక సంచి. అంతకన్నా ఎక్కువ చోటిస్తే ఎక్కడ ఉండాలో తెలియక మూల నిలబడతానేమో. అయినా అడిగావు కదా, నా కోరిక ఒక్కటి విను. ఇక్కడ మూడు వందల మందికి వండాను. ముప్పై ఏళ్ళూ గోడ వైపు తిరిగే వండాను. ఆ గోడ మీద నూనె మరకల్లో ఏది ఏ జంతువులా ఉంటుందో చెప్పమంటే చెప్పగలను. నీ వంటగదిలో పొయ్యి ఎదురుగా కిటికీ పెట్టు, వీధి వైపు. కూర తరుగుతూ ఎవరొస్తున్నారో, ఎవరు పోతున్నారో చూడాలి. ఎవరూ రాకపోతే పోస్టు మనిషైనా వస్తాడు.

దారం పంపుతున్నాను. ఈ ముడి నుంచి ఆ ముడి దాకా. కొలిచింది నేను కాదు, నా గదిలో ఉండే కుట్టుపనావిడ. హాస్టలు దుప్పట్లు, దిండు గలీబులు అన్నీ ఆవిడే కుడుతుంది. ఒక చెవి వినపడదు గానీ చేతిలో టేపు ఉందంటే వేలెడు తేడా రానివ్వదు. కాబట్టి దారం ఎంతుంటే అంతే కట్టు. అటూ ఇటూ చేయకు. కట్టాక మిగతాది మాట్లాడుకుందాం.

అవునూ, వాకిట్లో మెట్లు ఎన్ని? గడప ఎత్తెంత? ఊరికే అడుగుతున్నా.

అక్క

*

కొత్త ఇంటి వంటగది నుంచి
ఎండలు ముదరక ముందు

అక్కకు,

దారం అందింది. రెండుంపావు అడుగులు ఉంది. చూసి చాలాసేపు నవ్వుకున్నాను. మీ కుట్టుపనావిడకి కోపం రాకూడదు గానీ, బట్టలు కొలిచేవాళ్ళకి గట్టు కొలత అందదు. ఆవిడ నేల నుంచి కాకుండా మంచం మీద నుంచో, పీట మీద నుంచో కొలిచి ఉంటుంది. నీ మోచెయ్యి నేల నుంచి మూడడుగుల పైన ఉండాలి. నీ ఎత్తు నాకు తెలియదా. చిన్నప్పుడు అటక మీది డబ్బా నువ్వు మడమ ఎత్తకుండా అందుకునేదానివి. నేను నీ చీర పట్టుకుని కింద నిలబడేవాణ్ణి.

కాబట్టి దారం పక్కన పెట్టి, నాకు తెలిసిన లెక్కన, మోచేతికి కాస్త కిందగా, రెండు ముప్పావు అడుగులకు కట్టేశాను. కింద గిన్నెలకి మూడు అరలు కట్టి తలుపులు పెట్టాను. పైన నల్లరాయి పలక. అంచు నున్నగా గుండ్రం చేశాను, నీ పొట్టకి ఒరుసుకోదు. చేయి పెడితే చల్లగా ఉంది.

కిటికీ నువ్వు అడిగినట్టే వీధి వైపు పెట్టాను. నాలుగు అడుగుల ఎత్తులో. కిందికి పెడితే తుంపరకి చెక్క చెడిపోతుంది.

మెట్లు మూడు. గడప జానెడు ఎత్తు. వీధి నీళ్ళు లోపలికి రావాలంటే ఏడాది పడుతుంది. ఈ వీధిలో ఇలాంటి గడప ఎవరికీ లేదు.

ఎప్పుడు వస్తావో రాయి.

నీ తమ్ముడు

*

హాస్టలు వెనక గది నుంచి

తమ్ముడూ,

ఉత్తరం చేరింది. గట్టు బాగుందని రాశావు. బాగానే ఉంటుంది. మేస్త్రీవి నువ్వు, నీకు తెలిసినట్టు కట్టావు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. కొత్తగా వచ్చిన వార్డెనుకి నేను లేకపోతే కాళ్ళూ చేతులూ ఆడవు. ఇప్పట్లో కదలడం కుదిరేలా లేదు. నా కోసమని రంగులూ అవీ తొందరపడి వేయకు. ఒంట్లో జాగ్రత్త.

అక్క

*

కొత్త ఇంటి నుంచి
ఎండాకాలం

అక్కకు,

నీ ఉత్తరం చిన్నదిగా ఉంది. నన్ను ఒరేయ్ అనలేదు, మూగోడా అనలేదు. తమ్ముడూ అన్నావు. నీకు కోపం వచ్చినప్పుడు అలా పిలుస్తావు.

గచ్చు అయింది. నీ గదికి మూడుసార్లు సాన పట్టాను. మోకాళ్ళు రెండూ వాచాయి. గదిలో మేకులు ఎనిమిది కొట్టాను. నీకు ఒక్క మేకుతో అలవాటు అన్నావు, ఎనిమిది ఉంటే ఏది కావాలంటే అది వాడుకుంటావని. అలమరలో ఒక అర వెడల్పుగా వదిలాను, నీ ఇనప పెట్టె పట్టేలా. ఆ పెట్టె ఇంకా ఉందా?

ఆ పెట్టె పట్టుకుని నువ్వు వచ్చిన రోజు గురించి రాద్దామనుకున్నాను.

గోడలకి ఏ రంగు వేయమంటావు? లేత పసుపు, లేత నీలం, రెండే ఉన్నాయి కొట్లో. మధ్యలో ఒక కార్డు ముక్క రాసి ఇదే అడిగాను. దానికి నువ్వు రాయలేదు. దీనికైనా రాయి.

నీ తమ్ముడు

*

హాస్టలు వెనక గది నుంచి
ఆదివారం మధ్యాహ్నం

అన్నగారికి నమస్కారం.

నేను మీ అక్కగారి గదిలో ఉండే కుట్టుపనిదాన్ని. ఆమె పడుకుని ఉంది. ఆమెకి తెలియకుండా రాస్తున్నాను. తెలిస్తే తిడుతుంది. తిట్టనివ్వండి, నాకు వినపడే చెవి ఒకటే కదా.

ముందుగా ఒక మాట. నా దారం తప్పు కాదండీ. నేను నేల నుంచే కొలిచాను. రెండుంపావు అడుగులు సరైన కొలతే. అక్క కుర్చీలో కూర్చుని ఉంది.

పోయిన వానాకాలంలో ఆమె కాలికి పుండు పడింది. షుగరు మనిషి కదా, మానలేదు. వానలు ఆగే లోపే ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. మీ మొదటి ఉత్తరం వచ్చేసరికి ఆసుపత్రి నుంచి వచ్చి పన్నెండు రోజులు. చక్రాల కుర్చీలో ఉంది. ఇప్పుడు వంట చేయడం లేదు. కూరగాయలు తెచ్చి ఒళ్ళో పళ్ళెం పెడితే తరుగుతుంది. ఈ ఏడాది చివరి దాకా ఉండమన్నారు. ఆ తర్వాత ఎక్కడికో ఎవరూ చెప్పలేదు.

మీ ఉత్తరం రాగానే రెండుసార్లు చదివి, నన్ను పిలిచి, "కుర్చీలో ఉన్నట్టే కొలువు" అంది. నేనన్నాను, "కాలు సంగతి రాయవచ్చు కదమ్మా" అని. "రాస్తే జాలిపడి పిలిచినట్టవుతుంది. ఆ పిలుపు నాకొద్దు. వాడు మేస్త్రీ. కొలత చూస్తే వాడికే అర్థమవుతుంది. అర్థమయ్యాక కూడా రమ్మంటే అప్పుడు పోతాను" అంది. దారం వెళ్ళిన రోజు నుంచి పోస్టు వేళకి కుర్చీ తోసుకుంటూ గేటు దాకా పోయేది.

తర్వాత మీ జవాబు వచ్చింది. చదివి మడిచి దిండు కింద పెట్టింది. "నా తమ్ముడి కళ్ళల్లో నేనింకా నిలబడే ఉన్నానే" అంది. ఏడవలేదు. ఆ రోజు నుంచి గేటు దగ్గరికి పోవడం మానేసింది.

మెట్లు మూడని, గడప జానెడని మీరు రాశారు. అది మాత్రం నాకు చదివి వినిపించింది.

తప్పు రాసి ఉంటే క్షమించండి.

కుట్టుపనామె

*

కొత్త ఇంటి నుంచి
ఉత్తరం అందిన ఎనిమిదో రోజు

అక్కా,

గట్టు పగలగొట్టాను.

మీ కుట్టుపనావిడని ఏమీ అనకు. ఆవిడ రాయకపోతే నేను ఈ జన్మకి తెలుసుకునేవాణ్ణి కాదు. ఆ దారం తీసి గోడకి పెట్టి చూశాను. ముందు కూడా అలాగే పెట్టి చూశాను. అప్పుడు నవ్వాను. యాభై ఏళ్ళు కొలతలు చూసినవాణ్ణి, కొలత నిజం చెబితే తప్పన్నాను.

కింది అరలు తీసేశాను. అవి ఉంటే కుర్చీ లోపలికి రాదు, మోకాళ్ళు తగులుతాయి. పలక ముక్కలవకుండా దించగలిగాను. ఇప్పుడు దారం ఎంతుంటే అంతే కట్టాను. ముడి నుంచి ముడికి. తలుపు చట్రాలు రెండు ఊడదీసి గుమ్మాలు వెడల్పు చేశాను. మూడు మెట్ల మీద సిమెంటు పోసి వాలు చేశాను. పోయక ముందు అదే వాలుకి చెక్క పలక వేసి, ఇసుక బస్తా పెట్టిన తోపుడు బండిని తోసి చూశాను, ఒక చేత్తో ఎక్కింది.

గడప కూడా తీసేశాను.

ఆ రోజు సంగతి ఇప్పుడు రాస్తాను. బావ పోయిన నెలకి నువ్వు ఇనప పెట్టెతో వచ్చి నా గుమ్మం బయట నిలబడ్డావు. లోపలి నుంచి నీ మరదలు, ఒక వంటగదిలో ఇద్దరు ఆడవాళ్ళు కుదరదంది. నీకు వినపడాలనే అంది. నేను గడప లోపల కూర్చుని తాపీకి అంటుకున్న సిమెంటు గోకుతున్నాను. అది అప్పటికే శుభ్రంగా ఉంది. అయినా గోకుతూనే ఉన్నాను. నువ్వు "నాకు పనొకటి దొరికింది లేరా, చెప్పి పోదామని వచ్చాను" అన్నావు. నీకు ఏ పనీ దొరకలేదని నాకు తెలుసు. అమ్మ పోయాక నన్ను నీ చంక దించకుండా పెంచావు. నేను రెండు మాటలు అనలేకపోయాను. "రా అక్కా." అంతే. ముప్పై ఏళ్ళలో ఎన్నో ఇళ్ళు కట్టాను. ప్రతి ఇంటికీ గడప పెట్టేటప్పుడు అవతల నువ్వు నిలబడ్డట్టే ఉండేది. ఎవరికీ చెప్పలేదు.

నీ మరదలి మీద తోయడం లేదు. ఆవిడ అంది, నేను ఊరుకున్నాను. ఊరుకున్నదే పెద్దది.

రా అక్కా. ఇది జాలి కాదు. నేను అప్పుడే అనాల్సింది.

గట్టుకీ, వాలుకీ పది రోజులు నీళ్ళు పట్టాలి. పచ్చిగా ఉండగా బరువు పడితే బీట వేస్తుంది. పదకొండో రోజు వ్యాను మాట్లాడుకుని నేనే వస్తాను. పెట్టె సర్దుకుని ఉండు.

నీ మూగోడు

*

హాస్టలు వెనక గది నుంచి
గురువారం

ఒరేయ్ మూగోడా,

మాట్లాడావురా! ఇన్నేళ్ళకి మాట్లాడావు. ఉత్తరం చదివి కుట్టుపనావిడ చెవిలో అరిచి మరీ వినిపించాను. వినపడని చెవిలో. మళ్ళీ రెండో చెవిలో వినిపించాల్సి వచ్చింది.

దాన్ని తిట్టాను. తిట్టి, ముద్దు పెట్టుకున్నాను.

ఆ రోజు సంగతి నువ్వు అనుకున్నట్టు కాదురా. నువ్వు తల ఎత్తలేదు, నిజమే. కానీ నీ చెవులు రెండూ ఎర్రగా కందిపోయాయి. చిన్నప్పుడు ఏడుపు ఆపుకుంటే అలాగే అయ్యేవి. నేను చూశాను. వీడికి నేను అక్కర్లేక కాదు, నోరు లేక అనుకున్నాను. ఆ చెవులు తలుచుకుని ముప్పై ఏళ్ళు గడిపేశాను. కోపం ఉండేది. లేదంటే అబద్ధం. కానీ కోపం ఎక్కువైనప్పుడల్లా ఆ చెవులు గుర్తొచ్చి నవ్వొచ్చేది.

పది రోజులేంట్రా? ముప్పై ఏళ్ళు ఆరింది చాలలేదా నీ సిమెంటుకి? పచ్చి నేల మీదైతే ఏం, నా కుర్చీ చక్రాల గుర్తులు పడితే పడనీ. సరే, నీ పని నీకు తెలుసు. ఈసారి నీ కొలతే నాది. పదకొండో రోజే రా.

రంగు పసుపు వేయి. నీలం ఇక్కడ ఆసుపత్రి గోడకి ఉంది.

పెట్టె సర్దేశాను. అదే పెట్టె. తాళం తుప్పు పట్టింది, తాడు కట్టాను.

ఒకటి అడగడం మర్చిపోయాను. కుర్చీలో కూర్చుంటే ఆ కిటికీలోంచి వీధి కనబడుతుందా?

అక్క

*

ఇంటి నుంచి
నేను అక్కడి నుంచి వచ్చిన పదిహేనో రోజు

కుట్టుపని చేసే చెల్లెమ్మకు,

నా రాత మీకు అందుతుందో లేదో. అక్క అయితే ఎలాగో చదివేసేది. తప్పులుంటే క్షమించండి.

ఆ రోజు మీ గేటు దగ్గర మీతో సరిగా మాట్లాడలేదు. మీరు ఏదో చెబుతూనే ఉన్నారు, నేను పెట్టెకి కట్టిన తాడు చూస్తూ నిలబడ్డాను. మీరు పంపిన కబురు నేను బండెక్కాక మా ఇంటికి చేరింది. తొమ్మిదో రోజు తెల్లవారేసరికి అక్క నిద్రలోనే పోయిందని మీరు చెప్పింది ఇప్పుడు గుర్తుంది. మీరు మర్నాటి దాకా నా కోసం చూసి, చేయాల్సినవన్నీ చేశారు. తమ్ముడు చేయాల్సింది మీరు చేశారు.

నేను పదకొండో రోజు అన్నాను. గట్టుకి బీట పడుతుందని. చెల్లెమ్మా, గట్టు గట్టిగా ఉంది. ఎక్కడా బీట లేదు. పడితే మళ్ళీ పూసుకునేవాణ్ణి. అది నా పనే. ఉత్తరం రాసిన రోజే వ్యాను ఎక్కి ఉంటే అక్క ఈ ఇంట్లో ఎనిమిది రోజులు ఉండేది. ఈ లెక్క నాకు ఇప్పుడు తెలిసింది.

గోడలకి పసుపు వేశాను. పెట్టె నేను వదిలిన అరలో సరిగ్గా పట్టింది. తాడు విప్పలేదు. సంచి ఒక మేకుకి తగిలించాను. ఏడు ఖాళీగా ఉన్నాయి. దారం మాత్రం జేబులోనే పెట్టుకున్నాను.

గట్టు ఎత్తు నిలబడి వండేవాళ్ళకి పనికిరాదు. వంగితే నడుము పట్టేస్తోంది. మార్చమని పక్కింటాయన అన్నాడు, "ఎవరికోసం ఇంకా" అని. నేను పోయి ఒక కుర్చీ తెచ్చి వేసుకున్నాను. కూర్చునే వండుకుంటున్నాను. కూర్చుంటే సరిగ్గా ఉంది. మోచెయ్యి పలక మీద ఆనుతుంది. మీ కొలత వేలెడు కూడా తప్పు లేదు. ముందు మీ మీద నవ్వినందుకు మన్నించండి.

అలా కూర్చున్న మొదటి రోజే తల ఎత్తి చూశాను. కిటికీలో ఆకాశం ఒక్కటే ఉంది. వీధి లేదు. నాలుగు అడుగుల ఎత్తు నిలబడే మనిషికి పెట్టింది. గట్టు దించాను, గుమ్మాలు మార్చాను, గడప తీసేశాను, కిటికీ నాకు తట్టలేదు. అక్క అడిగింది. ఆఖరి మాట అదే అడిగింది. ఆ జవాబు నేను వచ్చి చెబుదామనుకున్నాను. వచ్చి ఉంటే ఆమె ఆ గట్టు ముందు కూర్చుని ఆకాశం చూసి, "బాగుందిరా" అనేది. నన్ను నొప్పించకుండా.

మర్నాడు చట్రం ఊడదీశాను. గోడ కొట్టి, చట్రం అడుగున్నర కిందికి దించాను. పైన మిగిలిన ఖాళీ ఇటుకలతో మూశాను. నాలుగు రోజులు పట్టింది. ఇక లోపలి పని ఏమీ లేదు. అయిపోయింది.

మిమ్మల్ని ఒకటి అడగాలి. నా ఉత్తరం వచ్చాక అక్క నవ్విందని గేటు దగ్గర మీరు అన్నారు. ఎలా నవ్వింది? చిన్నప్పుడు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది, భుజాలు ఊగేవి. ఇప్పటికీ అలాగే నవ్వేదా? ముప్పై ఏళ్ళుగా నేను చూడలేదు. మీరు చూశారు. అది కాస్త రాయండి. కొలత తీసినట్టు, ఉన్నది ఉన్నట్టు రాయండి. ఇంకేమైనా గుర్తొస్తే అవీ రాయండి, ఎంత చిన్నవైనా సరే.

త్వరగా రాయండి చెల్లెమ్మా. నేను గట్టు దగ్గరే కూర్చుంటున్నాను. పోస్టు మనిషి వీధి మలుపు తిరగడం ఇప్పుడు కూర్చుంటే కనబడుతోంది.

మీ అక్క తమ్ముడు